కాలనీ అసోసియేషన్ ఎన్నికలో నిలబడదామనుకుంటే, ఏకగ్రీవం కోసం తప్పుకోమంటున్నారు

తులసికోట
అందరికీ నమస్కారం. మాది తిరుచానూరు వైపు ఒక లేఅవుట్ కాలనీ. తిరుపతి కార్పొరేషన్ హద్దు దాటాక, పంచాయతీ కింద ఉంటాం. రెండొందల పైచిలుకు సైట్లు, అందులో ఇళ్లు లేచినవి సగానికి కొంచెం ఎక్కువ. అసోసియేషన్ రిజిస్టర్ అయింది. రెండేళ్లకోసారి కమిటీని ఎన్నుకోవాలని బైలాలో, అంటే సంఘం నియమావళిలో, ఉంది కానీ, నేనిక్కడికి వచ్చాక ఎన్నిక అన్నది చూడలేదు. ఉగాది వెళ్లాక ఒక ఆదివారం పార్కు స్థలంలో షామియానా వేస్తారు. ఉప్మా, కాఫీ అయ్యాక పాత కమిటీ పేర్లే మళ్లీ చదువుతారు, చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతాం.

ఈసారి సెక్రటరీ పోస్టుకు నామినేషన్ వేస్తానని వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రోజూ గుడ్ మార్నింగులతో నిండిపోయే గ్రూపు ఆ రోజంతా చప్పుడు చేయలేదు. మర్నాడు ముగ్గురు పెద్దవాళ్లు ఇంటికొచ్చారు. "అమ్మా, కాలనీ అంటే ఒక కుటుంబం. పోటీ పెట్టి రెండుగా చీల్చొద్దు. నీకు జాయింట్ సెక్రటరీ ఇస్తాం, ఏకగ్రీవం చేసేద్దాం" అన్నారు. మా ఆయన కూడా "పొద్దున లేస్తే ముఖాలు చూసుకోవాల్సిన వాళ్లం కదా" అంటున్నారు.

వాళ్ల మీద నాకు కోపం లేదు. ఎండాకాలం ట్యాంకర్లకు ఎంతయిందని అడిగితే "చూపిస్తాంలేమ్మా" అంటారు, చూపించరు. 2021 నవంబరు వానలకు వీధి చివర కాలువ పొంగి మెట్ల దాకా నీళ్లొచ్చాయి. ఆ కాలువ సంగతి ప్రతి మీటింగులో మాట్లాడుకుంటున్నాం, అక్కడితో సరి. నిలబడాలా, ఇచ్చింది తీసుకోవాలా? నిలబడితే ఎలా మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కొర్లగుంట కుర్రోడు
అక్కా, ముందు నామినేషన్ వేసెయ్. ముగ్గురు పెద్దమనుషులు ఈ ఎండలో నడుచుకుంటా ఇంటికొచ్చినారంటే నీకు ఓట్లున్నాయనే లెక్క. మా వీధిలో ఒకాయన పోటీ పెట్టి ఇంటింటికీ లడ్డు ప్రసాదం పంచినాడు. తిరుపతిలో లడ్డు పంచి ఓటడిగే మనిషిని అప్పుడే చూసినా. అందరూ కళ్లకద్దుకుని తీసుకున్నారు, ఓటు మాత్రం బోరు మోటరు బాగుచేయించినాయనకే వేసినారు.

పాత సెక్రటరీ
నేను ఎమ్మార్‌పల్లి అవతల ఒక కాలనీకి సెక్రటరీగా చేసి బయటపడ్డవాణ్ణి. భయపెట్టడానికి చెప్పడం లేదమ్మా, ఆ పని ఎలా ఉంటుందో తెలిసి దిగితే మంచిది. తెల్లవారకముందే నీళ్లు రాలేదని ఫోను. రాత్రి పదింటికి కుక్కలు మొరుగుతున్నాయని ఫోను. వాచ్‌మన్ ఊరికి పోయి రాలేదని ఒకరు, పక్కింటాయన కారు ర్యాంపు రోడ్డు మీదికి జరిపాడని ఇంకొకరు. ర్యాంపు జరిపినాయనేమో మీకు ఓటేసిన మనిషి అయి ఉంటాడు.

ఇంకో మాట. ఏళ్ల తరబడి అదే కమిటీ ఉందంటే దొంగలే అయి ఉండనక్కర్లేదు. మీరు చేయండంటే మీరు చేయండని అందరూ తప్పుకుంటే చివరికి మిగిలినవాళ్లే కుర్చీలో ఉండిపోతారు. లెక్క చూపించకపోవడానికి కూడా చాలాచోట్ల కారణం ఒకటే, లెక్క రాసి ఉండరు. ట్యాంకరు వాడు గేటు దగ్గర నిలబడి ఉంటాడు, జేబులోంచి తీసి ఇచ్చేస్తారు, తర్వాత రాసుకుందాంలే అనుకుంటారు. ఆ తర్వాత అనేది రాదు.

అందుకని నా సలహా, సెక్రటరీ వద్దు. కోశాధికారికి వేయండి. సెక్రటరీ నోటితో ఎన్ని చెప్పినా చెక్కు మీద రెండో సంతకం ట్రెజరర్‌దే. బిల్లు లేకుండా సంతకం పెట్టనని మొదటి నెలలో చెబితే కాలనీలో సగం అలవాట్లు మారతాయి. జాయింట్ సెక్రటరీ అంటారా, అది మీటింగులో కుర్చీలు వేయించే పోస్టు.

లెక్కల మాస్టారు
పాత సెక్రటరీ గారు చెప్పిన చివరి పేరాకు పూర్తిగా మద్దతు. నేను కొన్ని సంఘాల లెక్కలు చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు మీ బైలా కాపీ సంపాదించండి. కమిటీ వాళ్లు ఇవ్వకపోయినా జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన రాష్ట్రంలో ఇలాంటి సంఘాలు ఎక్కువగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటాయి. కొన్ని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉంటాయి. రెండింటి పద్ధతులు వేరు కనుక మీది ఏదో సర్టిఫికెట్ మీదే చూసుకోండి. సొసైటీ అయితే సర్వసభ్య సమావేశం అయ్యాక ప్రతి ఏడాదీ కమిటీ జాబితాను రిజిస్ట్రార్‌కు పంపాలి. చప్పట్లతో పేర్లు చదివే చోట ఈ పని ఆగిపోయి ఉంటుంది. అలా ఆగితే బ్యాంకువాళ్లు ఎప్పుడో ఒకప్పుడు పట్టుకుంటారు.

బైలాలో మీరు చూడాల్సినవి: ఓటు ఇంటికా, సైటుకా, మనిషికా? రెండు సైట్లున్నవాళ్లకు రెండు ఓట్లా? బాకీ ఉన్నవాళ్లకు ఓటుందా? చాలా బైలాల్లో ఉండదు. ఇక్కడే అసలు ఆట. ఎన్నిక ముందు రోజు రాత్రి కొందరి బాకీలు ఎవరో కట్టేస్తారు, కొందరికి బాకీ ఉందన్న సంగతే చెప్పరు. బాకీ కట్టడానికి చివరి తేదీ ఎప్పుడో నోటీసులోనే రాయించండి.

జీఎస్టీ అని ఎవరైనా బెదిరిస్తే కంగారు పడకండి. మెయింటెనెన్సు సభ్యుడికి నెలకు 7,500 దాటకపోతే ఆ గొడవే లేదు. మీ కాలనీలో వందల్లోనే ఉంటుందనుకుంటాను.

బెంగళూరు నుంచి
నాకు తిరుపతిలో ఒక ఖాళీ సైటు ఉంది, వేరే కాలనీలో. ముళ్లకంప కొట్టించడానికి, ప్రహరీకి ఏటా డబ్బు కడుతున్నాను. ఎన్నికప్పుడు మాత్రం "మీరిక్కడ ఉండరు కదా సార్" అంటారు. వసూళ్లకు ఉన్నవాణ్ణి ఓటుకు ఎందుకు లేను? తులసికోట గారు, మీ కాలనీలో కూడా సగం సైట్లు ఖాళీ అంటున్నారు. వాళ్లలో చాలామంది మాలాగే బెంగళూరులోనో చెన్నైలోనో అమెరికాలోనో ఉంటారు. వాళ్లకు ఫోన్ చేయండి. ఆన్‌లైన్ ఓటు పెడతానని చెప్పండి, గెలిచేస్తారు.

పాత సెక్రటరీ
సార్, మీ బాధ న్యాయమే. కానీ మాకు ఒక్క మనిషి పదిహేడు ప్రాక్సీ కాగితాలు (రాలేనివాళ్ల తరఫున ఓటేసేందుకు) పట్టుకొచ్చాడు, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో. బైలాలో ప్రాక్సీ ఉందా లేదా అన్నది అప్పుడు వెతికాం. లేదు. అయినా రెండు గంటలు అరుచుకున్నాం.

వకీలు పక్కింట్లో
నేను వకీలును కాదు, పేరు చూసి మోసపోకండి. పక్కింటాయన వకీలు, ఆయన్ని అడిగి రాస్తున్నా. బైలాలో లేని ఆన్‌లైన్ ఓటును ఎన్నిక మధ్యలో తేలేరు. ముందు సర్వసభ్య సమావేశంలో బైలా సవరించి రిజిస్టర్ చేయించాలి. కాబట్టి "గెలిస్తే సవరణ ప్రతిపాదిస్తాను" అనండి, "ఆన్‌లైన్ ఓటు పెడతాను" అనకండి. కమిటీ నడిపే తీరు మీద తగాదా వస్తే 2001 చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తి దగ్గరికి) గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లొచ్చట. కానీ మా పక్కింటాయన నవ్వుతూ చెప్పిన మాట, "కోర్టుకు పోతే తీర్పు వచ్చేలోపు రెండు కమిటీలు మారిపోతాయి. బ్యాలెట్ దగ్గరే జాగ్రత్త పడమను."

అద్దె ఇల్లు
మెయింటెనెన్సు కట్టేది మేము, చెత్తబండి రాకపోతే ముక్కు మూసుకునేది మేము, ఓటు మాత్రం చిత్తూరులో ఉండే ఓనరుకు. మాగురించి ఎవరూ మాట్లాడరు. తులసికోట అక్కా, ఓటు ఇవ్వలేకపోయినా నెలకోసారి కమిటీ మీటింగులో ఒక అద్దెదారుకు కూర్చునే అవకాశం ఇస్తానని చెప్పగలరా?

చంద్రగిరి కోడలు
తులసికోట గారూ, 2021 ఫిబ్రవరిలో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో నేను వార్డు మెంబరుగా నిలబడి గెలిచాను. మా వార్డు మహిళకు రిజర్వు అయింది కాబట్టి నన్ను నిలబెట్టారు. నా అంతట నేను అనుకుని దిగలేదు. మొదటి సమావేశానికి వెళ్తే గెలిచిన ఆడవాళ్లం గోడ పక్కన నిలబడి ఉన్నాం, మా మొగుళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. పంచాయతీ కార్యదర్శి వయసులో చిన్నవాడైనా "మెంబర్లు మాత్రమే కూర్చోవాలి సార్" అన్నాడు. మా ఆయన లేచి నాకు కుర్చీ జరిపాడు. కొందరు లేవలేదు. మీరు మీ అంతట మీరే దిగుతున్నారు, ఆ తేడా చాలా పెద్దది. జాయింట్ సెక్రటరీ "ఇస్తాం" అన్నారు చూడండి, ఎన్నికయ్యే పదవిని ఎవరు ఎవరికి ఇస్తారు?

ఏకగ్రీవం గురించి కూడా చెప్తాను. పంచాయతీల్లో ఏకగ్రీవమైతే ప్రభుత్వం డబ్బిచ్చేది. 2021లో 2 వేల లోపు జనాభా ఉన్న ఊరికి 5 లక్షలు, 10 వేలు దాటితే 20 లక్షలు అని ప్రకటించారు. అక్కడ కనీసం ఊరికి డబ్బొచ్చింది. మీ కాలనీకి ఏకగ్రీవంతో వచ్చేది ఉప్మాయే కదా.

అసలు రాయాలనుకున్నది వేరే. అసోసియేషన్ వల్ల అయ్యే పని ఏది, పంచాయతీ చేయాల్సింది ఏది అన్నది తెలుసుకోకుండా హామీలు ఇవ్వకండి. కాలువ, వీధి దీపాలు, సీసీ రోడ్డు పంచాయతీవి. కానీ మీ లేఅవుట్ రోడ్లు, పార్కు కోసం వదిలిన 10 శాతం స్థలం పంచాయతీకి గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రాసిచ్చారా లేదా? రాసివ్వకపోతే "అది మాది కాదు" అని పంచాయతీ తప్పించుకుంటుంది. చాలా కాలనీల్లో కాలువ కట్టకపోవడానికి అసలు కారణం ఈ కాగితమే. రాసిచ్చి ఉంటే పట్టుకుని అడగొచ్చు. కేంద్రం పంచాయతీలకిచ్చే 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ వాడాలని షరతు ఉండేది. మేము మురుగుకాలువలు ఆ పద్దు కిందే అడిగేవాళ్లం. గిఫ్ట్ డీడ్ ఉందో లేదో తెలియాలంటే సమాచార హక్కు కింద పంచాయతీకి అర్జీ పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు కూడా లేదు. మండలంలో అయితే 5 రూపాయలు, ఆ పైన 10.

తులసికోట
ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. చంద్రగిరి కోడలు గారూ, కుర్చీ సంగతి మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు కానీ సాయంత్రం బైలా జిరాక్సు తెచ్చిచ్చారు! ఓటు సైటుకు ఒకటి, ప్రాక్సీ లేదు, మూడు నెలల బాకీ ఉంటే ఓటు లేదు. కోశాధికారికే వేస్తున్నాను. గిఫ్ట్ డీడ్ అర్జీ కూడా రాసి పంచాయతీ ఆఫీసులో ఇచ్చాను.

అద్దె ఇల్లు గారూ, ఆ మాట నా కరపత్రంలో పెడతాను. బైలాకు అడ్డం రాదు, కూర్చోనివ్వడానికి తీర్మానం చాలు.

ఒక్క చిక్కు ఉంది. కుక్కల గురించి ఏమంటారని ప్రతి ఇంట్లోనూ అడుగుతున్నారు. "పట్టించేస్తాం" అంటే ఒక వీధి మొత్తం నాకే. కానీ ఆ వీధి చివర ఒక పెద్దావిడ రోజూ వాటికి అన్నం పెడుతుంది.

శెట్టిపల్లె రైతుబిడ్డ
పట్టించేస్తామని చెప్పేయండి మేడం. పిల్లలు ట్యూషన్‌కు పోవాలంటే భయపడుతున్నారు. మా చుట్టాల పిల్లాడికి కరిస్తే రుయా ఆసుపత్రిలో సూదులు వేయించుకున్నాం. ఆవిడ అన్నం పెట్టబట్టే పక్క వీధుల కుక్కలు కూడా వస్తాయి.

కొర్లగుంట కుర్రోడు
అన్నా, పట్టించి యాడ వదిలేది? పక్క కాలనీలోనే కదా. వాళ్లు మళ్లీ మన కాలనీలో వదుల్తారు. 

వకీలు పక్కింట్లో
2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల్లో ఈ సంగతి ఉంది. ఆపరేషన్, టీకా చేసి ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. తిండి పెట్టే చోటు పిల్లలు ఆడుకునే చోటికీ, మెట్లకూ, గేటుకూ దూరంగా ఉండేలా కాలనీ సంఘమే చూడాలి. దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, మార్పులు వస్తూనే ఉన్నాయి, తాజాగా ఏముందో చూసుకోండి. ఎలాగైనా కుక్కల్ని మాయం చేసే అధికారం అసోసియేషన్‌కు లేదు. లేని అధికారం మీద ఓటడిగితే రేపు సమాధానం చెప్పాల్సింది మీరే.

శెట్టిపల్లె రైతుబిడ్డ
నిబంధనలు రాసినవాళ్ల ఇంటికి కారు వస్తుంది. మా పిల్లలు నడిచి పోతారు. పోయిన కమిటీలో ఆ ప్రెసిడెంటు [తొలగించబడింది]

మోడరేటర్
వ్యక్తుల పేర్లు, ఇంటి నంబర్లు రాయొద్దు. ఎవరి కాలనీ అయినా సరే. చర్చ కొనసాగించండి.

పాత సెక్రటరీ
రైతుబిడ్డ గారి కోపం నాకు అర్థమవుతుంది, పిల్లాడికి కరిచాక నిబంధనలు ఎవరూ వినరు. కానీ మేము చేసింది చెప్తాను. తిండి పెట్టే ఆవిడనే మాట్లాడమన్నాం. ఏ కుక్కకు ఆపరేషన్ అయింది, ఏది కొత్తది అన్నది కాలనీలో ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. పట్టడానికి బండి వచ్చిన రోజు ఆవిడ పిలిస్తేనే అవి దగ్గరికొచ్చాయి. తిండి స్థలం ఖాళీ సైట్ల వైపు జరిపాం. గొడవ పూర్తిగా పోలేదు, తగ్గింది. తులసికోటగారు ఎవరి ఓట్లూ పోగొట్టుకోకుండా చెప్పగలిగిన నిజం ఇంతే.

లెక్కల మాస్టారు
ఎన్నిక తేదీ గురించి ఒక మాట. మీ కాలనీలో టీటీడీ ఉద్యోగులు ఎక్కువేనా? తిరుచానూరులో కార్తీక బ్రహ్మోత్సవాలు, పంచమి తీర్థం ఉన్న వారంలో గానీ, కొండ మీద బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజుల్లో గానీ తేదీ పెడితే వాళ్లందరికీ డ్యూటీలు పడతాయి. గంగమ్మ జాతర వారంలో పెడితే జనం వేరే పనిలో ఉంటారు. తేదీ చూసి ఎవరికి లాభమో చెప్పేయొచ్చు. ఎన్నికల అధికారిగా మీ కాలనీలో సైటు లేని మనిషిని, ఒక రిటైర్డ్ హెడ్మాస్టరునో బ్యాంకు మేనేజరునో అడగండి. చేతులెత్తే ఓటు ఒప్పుకోకండి. పక్కింటాయన చూస్తుండగా మీకు చెయ్యెత్తేవాళ్లు తక్కువ.

తులసికోట
కరపత్రం రాశాను. ఇదీ: "ప్రతి నెల 5వ తేదీలోపు ఖర్చుల లెక్క నోటీసు బోర్డు మీద, గ్రూపులో పెడతాను. 2 వేలు దాటిన ప్రతి ఖర్చుకూ బిల్లు ఉంటుంది. ట్యాంకరు వచ్చిన రోజు, లీటర్లు, డబ్బు రిజిస్టరులో రాసి ఇద్దరు సంతకం పెడతారు. కాలువ కోసం పంచాయతీతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలన్నీ అందరికీ చూపిస్తాను. కమిటీ మీటింగులో ఒక అద్దెదారుకు చోటు అడుగుతాను. పాత కమిటీ చేసిన పనికి కృతజ్ఞతలు." ఏమైనా మార్చాలా?

కొర్లగుంట కుర్రోడు
అక్కా, "ఉత్తరప్రత్యుత్తరాలు" తీసెయ్, "కాగితాలు" అని పెట్టు. చివరి లైను మాత్రం తీయొద్దు, దానికే పది ఓట్లు పడతాయి.

చంద్రగిరి కోడలు
కరపత్రం పంచేటప్పుడు ఆ ముగ్గురు పెద్దల ఇళ్లకే ముందు వెళ్లండి. కాఫీ ఇస్తే తాగండి. ఇంకో మాట, పగలు పదకొండు గంటలకు వెళ్తే ఇంట్లో ఆడవాళ్లుంటారు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో, ఎంతసేపు నిలబడుతుందో, పైపు ఎవరింటి దాకా లాగుతాడో వాళ్లకే తెలుసు. సాయంత్రం వెళ్తే అయ్యగార్లు రాజకీయాలు మాట్లాడతారు. కార్పొరేషన్‌లో కలుపుతారా లేదా అన్న చర్చలో మిమ్మల్ని గంట కూర్చోబెడతారు.

బెంగళూరు నుంచి
మీ కాలనీలో నాకు తెలిసిన ఒకాయనకు సైటు ఉంది. మీ కరపత్రం పంపాను. బాకీ కట్టి, ఓటుకు బస్సెక్కి వస్తానన్నాడు. ఇంతవరకు కాలనీ నుంచి ఆయనకు డబ్బడిగే మెసేజి తప్ప ఇంకోటి రాలేదట.

పాత సెక్రటరీ
తులసికోట గారు, ఏమైంది? నిన్న ఆదివారం కదా.

తులసికోట
గెలిచాను. తేడా తక్కువే, రెండంకెలకు చేరలేదు. సెక్రటరీగా పాతాయనే మళ్లీ గెలిచారు, ఆయన మీద ఎవరూ నిలబడలేదు. షామియానా, ఉప్మా మామూలే. నాతో పోటీ చేసిన పాత కోశాధికారి గారు ఓట్లు లెక్కపెట్టినంతసేపూ పక్కనే కూర్చుని నాకు నీళ్ల బాటిల్ అందించారు. సాయంత్రం రెండు అట్టపెట్టెలు ఇంటికి పంపారు. ఒకదాంట్లో రసీదు పుస్తకాలు. రెండోదాంట్లో ట్యాంకరు వాళ్ల చీటీలు, కరెంటు బిల్లులు కలిసిపోయి ఉన్నాయి. డబ్బు పోయినట్టు ఇప్పటికైతే కనిపించలేదు, రాయడమే లేదు. ఒక రెండు వేసవుల చీటీలు మాత్రం అసలు లేవు. అడిగితే "వానకు తడిసి పారేశాం" అన్నారు.

పంచాయతీ నుంచి జవాబు కూడా వచ్చింది. రోడ్లు రాసిచ్చారు, పార్కు స్థలం రాసివ్వలేదు! కాబట్టి కాలువ గట్టిగా అడగొచ్చు. పార్కు సంగతి లేఅవుట్ వేసినాయన్ని అడగాలి. అది వేరే కథ, విడిగా చర్చ మొదలుపెడతాను.

ఇప్పుడు బ్యాంకులో సంతకం మార్చాలి. తీర్మానం ఎలా రాయాలి మాస్టారూ?

శెట్టిపల్లె రైతుబిడ్డ
శుభాకాంక్షలు మేడం. కుక్కల సంగతి మర్చిపోవద్దు.

లెక్కల మాస్టారు
అభినందనలు అమ్మా. మినిట్స్ పుస్తకంలో ఇలా రాయించండి: "ఫలానా తేదీన జరిగిన సర్వసభ్య సమావేశంలో ఎన్నికైన కొత్త కార్యవర్గం సంఘం బ్యాంకు ఖాతాను నడుపుతుంది. ఇకపై కార్యదర్శి, కోశాధికారి ఇద్దరూ కలిసి సంతకం చేసిన చెక్కులే చెల్లుతాయి. పాత సంతకాలు ఈ తేదీ నుంచి రద్దు." అధ్యక్షుడి సంతకం, సంఘం సీలు వేయించి, కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కు పంపిన రసీదు జతచేయండి. ఆధార్, పాన్ జిరాక్సులు ఇద్దరివీ. ఆ చీటీలు లేని రెండు వేసవుల గురించి, తీసుకున్న కాగితాల జాబితాలో "లేవు" అని రాసి పాత కోశాధికారి గారితోనే సంతకం పెట్టించుకోండి. రేపు ఆడిటరు మిమ్మల్ని అడుగుతాడు.

పాత సెక్రటరీ
సంతకం చేసి ఉంచిన ఖాళీ చెక్కులు పెట్టెలో ఉన్నాయేమో ముందు చూడండి. మాకు నాలుగు దొరికాయి.

తులసికోట
ఉన్నాయి. రెండు. ఇప్పుడే అడ్డంగా గీత కొట్టి ఫోటో తీసి కమిటీ గ్రూపులో పెట్టాను. రేపు పదింటికి బ్యాంకుకు వెళ్తున్నాం, సెక్రటరీ గారు తన స్కూటరు మీద ముందు పోతున్నారట, నేను ఆటోలో.